ఇత్తడి ఎక్కడినుంచి వచ్చింది?

కుట్టుమిషను సూదికి కన్ను కొస దగ్గరే ఎందుకుంటుందో క్రిందటిసారి ఈ పేజీలో రాశాను. దానిమీద వచ్చే ఉత్తరాలన్నీ సూదుల గురించే ఉంటాయనుకున్నాను. చాలావరకు అలాగే వచ్చాయి. ఒక్కటి మాత్రం నూజివీడు నుంచి, తూటాల గురించి వచ్చింది.

రాసినావిడ ఒక గృహిణి. ఇంటికి సున్నం వేయిస్తూ అటక దింపితే, మామగారి నాటి రేకుపెట్టెలో పాత శిస్తు రసీదుల క్రింద ఇరవై ఖాళీ ఇత్తడి తూటాలు కనబడ్డాయట. "ఇరవైకీ మూతులు ఆకురాయితో రాసినట్టు సమంగా ఉన్నాయి. కాల్చి పారేసిన వాటికి ఇంత ముస్తాబు ఎందుకండీ? మావారిని అడిగితే నవ్వి ఊరుకున్నారు. మీకేమైనా తెలుసా?" అని అడిగారు.

తెలుసునమ్మా. అచ్చంగా అలాంటి ముస్తాబు, మీ ఊరి దగ్గరే, నా చేతులతో చేశాను.

1966 వేసవిలో తొమ్మిదో తరగతి పరీక్షలు రాసి మా పెదనాన్నగారింటికి వెళ్ళాను. నూజివీడు ఏలూరు జిల్లాలో చేరింది 2022లో. అప్పటికది కృష్ణా జిల్లా. జమీందారీలను రద్దుచేసిన 1948 చట్టం వచ్చి ఏళ్ళు గడిచినా, ఊరి అరుగుల మీద వేట కబుర్లు మాత్రం రద్దు కాలేదు. మా పెదనాన్న వేటగాడు కాడు. ఆయనకున్నది రసాలూ, బంగినపల్లీ, కొద్దిగా కలెక్టరూ కలిసిన మామిడితోట. రాలిన కాయల కోసం రాత్రిపూట చిట్టడవిలోంచి అడవిపందులు దిగేవి. కాయలు తిని పోతే సరే, చెట్ల మొదళ్ళు కుళ్ళగించి, లేత అంట్లను విరిచి మరీ పోయేవి. డబ్బాలు మోగించారు, మంటలు వేశారు, టపాకాయలు కాల్చారు. నాలుగు రోజులకు పందులు వాటికీ అలవాటుపడ్డాయి. చివరికి పెదనాన్న లైసెన్సు తీసుకుని మద్రాసులో ఒక పాత రైఫిలు కొన్నాడు.

ఆ రైఫిలు పేరు థర్టీ నాట్ సిక్స్. గొట్టం లోపలి కొలత అంగుళంలో 100కి 30 వంతులు గనుక థర్టీ. ఆ తూటాను అమెరికా సైన్యం తీసుకున్న సంవత్సరం 1906 గనుక నాట్ సిక్స్. దీనికో అన్న ఉన్నాడు, 1903లో పుట్టాడు. అన్నగారి మెడను అంగుళంలో 100కి 7 వంతులు కురచ చేస్తే తయారైనవాడే తమ్ముడు. అంటే ఈ తూటా పుట్టుకే మెడ కోతతో మొదలైందన్నమాట.

కొలతల మాట వచ్చింది గనుక ఇంకో ముక్క. మన దేశంలో తూటా కొలత సర్కారువారి తలనొప్పి కూడా. సైన్యం వాడే సైజు బయట దొరికితే తిరుగుబాటుదారుల తుపాకుల్లోకి పోతుందని, .450 సైజు తూటాలను 1907లో ఇంగ్లీషువాళ్ళు ఇండియాలోకి రానివ్వకుండా ఆపేశారు. పెద్దపులుల వేటకు వచ్చే దొరలకు అదే ముద్దు సైజు. లండను తుపాకుల కంపెనీలు ఊరుకుంటాయా? .465 అనీ, .470 అనీ కొత్త సైజులు దింపాయి. చట్టం దాటడానికి చిటికెడు ఇత్తడి చాలింది!

సరే, మా తోటకు వద్దాం. విదేశీ తూటా ఒక్కొక్కటి ప్రాణం లేచిపోయేటంత ఖరీదు. దిగుమతులు బిగిసేకొద్దీ ఆ ఖరీదుకు కూడా దొరకడం కష్టమైంది. తూటాలో ఉండేవి నాలుగు: అడుగున నిప్పు పుట్టించే కేపు, లోపల మందు, మూతిలో గుండు, వీటన్నిటినీ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం. కాల్చిన తరువాత మొదటి మూడూ పోతాయి, గొట్టం మిగులుతుంది. ఆ గొట్టాన్ని సరిచేసి మళ్ళీ నింపుకోవచ్చు. ఆ పనికి బెజవాడ నుంచి లైసెన్సు ఉన్న తుపాకుల మేస్త్రిగారు ఏటా సీజనుకు ముందు పెట్టెతో వచ్చేవారు. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలో తుపాకులు బాగుచేసిన మనిషి. పాతకాలపువాళ్ళలాగే తూటాను తోటా అనేవారు. "ఇవాళ పది తోటాలు కోయాలమ్మా" అని ఆయన మొదటిసారి అన్నప్పుడు, పది తోటల కాయ ఒక్కరోజులో ఎవరు కోస్తారని మా పెద్దమ్మ కంగారుపడింది.

ఆయన కోసేది మూతిని. గొట్టం పొడవు 2.494 అంగుళాలు దాటకూడదు. దాటడానికి సిద్ధంగా ఉన్నదాన్ని 2.484కు కోయాలి. ఈ రెండింటికీ తేడా అంగుళంలో వెయ్యికి 10 వంతులు, అంటే మూడు తలవెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత. వడ్రంగి లెక్క నూలుతో ఆగిపోతుంది. అది అంగుళంలో ఎనిమిదో వంతు. మేస్త్రిగారి లెక్క వెర్నియరు స్కేలుతో మొదలయ్యేది. "కళ్ళతో చూసి చెప్పకు, బాబూ. కన్ను అబద్ధం చెబుతుంది" అని ఆ స్కేలు నా చేతికిచ్చారు. వారం రోజుల్లో గీత మీద గీత కలిపి చదవడం వచ్చేసింది. నాకు గర్వం కూడా వచ్చేసింది.

ఇత్తడి గొట్టం పొడవెందుకు పెరుగుతుంది? కాల్చినప్పుడు లోపల చదరపు అంగుళానికి 60 వేల పౌన్ల దాకా ఒత్తిడి పుడుతుంది. సైకిలు చక్రంలో గాలి ఒత్తిడి 50 పౌన్లుంటే మనం చేత్తో నొక్కి భేష్ అనుకుంటాం! ఆ ధాటికి గొట్టం ఉబ్బి, రైఫిలు గది గోడలకు అతుక్కుంటుంది. దాన్ని మళ్ళీ వాడాలంటే ఉక్కుమూసలో బిగించి పాత సైజుకు నొక్కాలి. జంతికల గొట్టంలో పిండి పెట్టి నొక్కితే ఏమవుతుంది? దారి ఉన్నవైపు బయటికి వస్తుంది. ఇక్కడ ఇత్తడికి దారి మెడ వైపు. కాల్చినప్పుడల్లా, నొక్కినప్పుడల్లా మెడ కొంచెం సాగుతుంది. అందుకే కొలవడం మూసలో నొక్కిన తరువాతే గాని ముందు కాదు.

మెడ సాగితే నష్టమేమిటి? రైఫిలు గది చివర ఒక మెట్టు ఉంటుంది. అక్కడినుంచి దారి సన్నబడి గుండు సైజుకు దిగుతుంది. మెడ పొడుగైతే మూతి ఆ మెట్టుకు తగిలి లోపలికి ముడుచుకుని గుండు గొంతు పిసుకుతుంది. మందు మండుతుంది, గుండు కదలదు. ఒత్తిడి ఎంతకు పోతుందో చెప్పలేం. తుపాకి బాగా బిగువుగా మూసుకుందని పైకి మురిసిపోతాం, అంతే. కురచగా కోస్తే ఇంత ప్రమాదం లేదు, పట్టు కాస్త తగ్గుతుంది.

మేస్త్రిగారి కోత పనిముట్టు చూస్తే మీకు నవ్వొస్తుంది. బెజవాడలో లేతు మిషను మీద చేయించి గట్టిపరిపించిన ఉక్కు దిమ్మ, దానిలో తూటా ఆకారపు రంధ్రం. గొట్టాన్ని అందులో దూరిస్తే పెరిగిన మెడ మాత్రం పైకి తొంగిచూస్తుంది. దాన్ని ఆకురాయితో దిమ్మ మట్టానికి రాసేయడమే. దిమ్మ గట్టిది గనుక ఆకురాయి దానిమీద జారిపోతుంది, ఇత్తడినే తింటుంది. తరువాత మూతి లోపలా బయటా గరుకంచును సన్నగా గీకాలి. గీకకపోతే దూర్చేటప్పుడు గుండు పైపొర చెక్కుకుపోతుంది. మీ పెట్టెలోని ఇరవై మూతుల ముస్తాబు ఇదేనమ్మా.

పుస్తకంలో కొలత సరే, మన రైఫిలు గది కొలత పుస్తకం చదువుకుందా? పాత తుపాకి గది అరిగి ఉండొచ్చు. అది కొలవడానికి మేస్త్రిగారు ఏం చేశారనుకున్నారు? మామిడిపూతకు బూడిద తెగులు వస్తే చల్లడానికి తోటలో గంధకం ఎప్పుడూ ఉంటుంది. అందులో గుప్పెడు తెప్పించి, మంట తగలకుండా నిదానంగా కరిగించారు. గొట్టం లోపల గది అంచు దాటాక గుడ్డ బిరడా పెట్టి, గది గోడలకు పలచగా నూనె రాసి, కరిగిన గంధకం పోశారు. ఆరిన తరువాత వెనకనుంచి నెడితే పసుపుపచ్చని బొమ్మ బయటికి వచ్చింది. గది ఎంత, మెట్టెక్కడ, మెడ ఎంత, అంతా ఆ బొమ్మమీద స్కేలు పెట్టి కొలిచారు. ఇప్పుడీ పనికి బిస్మతు కలిసిన మిశ్రలోహం దొరుకుతుంది. మరిగే నీళ్ళంత వేడి కూడా అక్కరలేకుండా కరుగుతుంది. మొదట కాస్త కుంచించుకుని, పోసిన గంటకు సరిగ్గా గది సైజుకు వస్తుంది, అప్పుడు కొలవాలి. నాకు మాత్రం గంధకం బొమ్మే ముద్దు. కంపు కొట్టినా మా తోటది.

ఇంకో నియమం పెట్టారు. ఇత్తడి గొట్టాల పెట్టె గొడ్లసావిడిలో పెట్టకూడదు. పెద్దమ్మ అది చాదస్తమనుకుంది. కాదు. వెనక మన దేశంలో ఇంగ్లీషు పటాలాలు వానాకాలంలో తూటాలను గుర్రపుశాలల్లో దాచేవి. వానలు వెలిశాక తీసి చూస్తే, ఎవరూ కాల్చకుండానే ఇత్తడి పగుళ్ళిచ్చి ఉండేది. గుర్రాల మూత్రం నుంచి లేచే అమ్మోనియా ఆవిరీ, గొట్టం తయారీలో ఇత్తడిలో మిగిలిపోయిన బిగువూ కలిసి పగలగొట్టాయని శాస్త్రజ్ఞులు 1921లో గాని తేల్చలేదు. కోటలు కట్టిన సైన్యానికి తెలియని సంగతి మా సావిడి గుమ్మం దగ్గర మేస్త్రిగారు చెప్పారు.

అన్నిటికన్నా ముఖ్యమైన పాఠం మాత్రం చివర చెప్పారు. ఇరవై గొట్టాలు కోశాక కాగితం మీద పడ్డ పచ్చని రజను దులపబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపారు.

"ఇది ఎక్కడినుంచి వచ్చింది?"

"మెడ నుంచి" అన్నాను.

"మెడకు ఎక్కడినుంచి వచ్చింది?"

నా దగ్గర జవాబు లేదు. ఆయనే చెప్పారు. ఇత్తడి ఎక్కడా కొత్తగా పుట్టదు. మెడ దగ్గర పెరిగిందంటే గోడ దగ్గర తరిగిందన్నమాట. ఎక్కువ తరిగేది అడుగుకు కాస్త పైన. కాల్చినప్పుడు గొట్టం ముందుభాగం గది గోడలను కరుచుకుంటుంది, అడుగేమో వెనక్కు తోసుకుపోతుంది, మధ్యలో గోడ సాగి పలచనవుతుంది. బయటినుంచి కొన్నిటికి మెరిసే గీత చుట్టూ కనబడుతుంది, కొన్నిటికి అదీ కనబడదు. అంచేత సైకిలు పుల్ల ఒకటి తీసుకుని, కొస సూదిగా అరగదీసి, గోరంత వంచారు. దాన్ని గొట్టంలోకి దించి, అడుగునుంచి గోడ వెంబడి పైకి లాగితే, లోపల గాడి పడిన చోట కొక్కెం టక్కున తగులుకుంటుంది. తగులుకున్న గొట్టాన్ని పారేయాల్సిందే. మూతి ఎంత చక్కగా కోసినా సరే. "పొడవు కొలవడం సగం పనే బాబూ" అన్నారు.

ఆ మేలో మేస్త్రిగారికి బెజవాడలో తొందర పనేదో పడింది. అప్పటికి నాలుగుసార్లు కాల్చిన ఇరవై గొట్టాలు ముందున్నాయి. కోత అయిపోయింది. తీగ పరీక్ష నాకప్పగించి, తాను స్నానానికి వెళ్ళారు. పన్నెండు చూశాను. ఒక్కటీ తగులుకోలేదు. ఇంతలో పెద్దమ్మ నూతి దగ్గర తొట్టిలో నానేసిన చిన్నరసాలు బయటికి తీసింది. అవతల పిల్లలంతా మూగారు. మంచివి అయిపోతాయేమోనన్న భయం మీకు తెలియనిది కాదు.

"అన్నీ చూశావా?" అని వచ్చి అడిగారు.

"చూశానండీ" అన్నాను.

ఆయన నింపి, పెదనాన్నకు అప్పగించి, సాయంత్రం బస్సుకు వెళ్ళిపోయారు.

తరువాత పదిరోజులకో ఏమో, చీకటి రాత్రి, పంది పడింది. పెదనాన్నా, బ్యాటరీ లైటు పట్టుకుని తోట కాపలా మనిషీ వెళ్ళారు. ఒక దెబ్బ వినబడింది. రెండోది వినబడలేదు. కేకలు వినబడ్డాయి.

జరిగింది ఇదీ. మొదటి దెబ్బ తగిలి పంది కూలి, మళ్ళీ లేచింది. పెదనాన్న రైఫిలు బోల్టు వెనక్కు లాగితే బయటికి వచ్చింది తూటా అడుగు మాత్రమే. పై గొట్టం తెగి గదిలోనే ఉండిపోయింది. చీకట్లో ఆ సంగతి ఆయనకు తెలియదు. రెండో తూటా సగం దూరి ఆగింది, బోల్టు మూసుకోలేదు. గాయపడ్డ పంది వెలుతురు మీదికి వచ్చింది. వెలుతురు పట్టుకున్న మనిషి తొడ మోకాలిదాకా చీరుకుపోయింది. తెల్లవారాక పందిని గట్టు అవతల చచ్చిపడి ఉండగా చూశారు. ఆయన్ను అప్పటికే బండిమీద నూజివీడు ఆసుపత్రికి తీసుకుపోయారు. ప్రాణం దక్కింది. కాలు మాత్రం పూర్తిగా వంగలేదు. చిటారుకొమ్మదాకా పాకి చిక్కంతో కాయ దించడంలో ఆ చుట్టుపక్కల ఆయన తరువాతే ఎవరైనా. ఆ ఏడు నుంచి నేలమీద నిలబడి గంపల్లో గడ్డి పరిచేవాడు.

మేస్త్రిగారు కబురందుకుని వచ్చారు. గదిలో ఇరుక్కున్న గొట్టాన్ని బయటికి తీసి, అడుగు ముక్కనూ దాన్నీ పక్కపక్కన నా అరచేతిలో పెట్టారు. తెగిన అంచు కాగితమంత పలచన. ఆయన ఒకటే అడిగారు: "తీగ పెట్టావా?" నేను తల దించుకున్నాను. "మీ పెదనాన్నతో నేను చెప్పను, నువ్వే చెప్పు. చెప్పిందాకా నేనీ ఊళ్ళోనే ఉంటాను" అని అరుగుమీద కూర్చున్నారు. మర్నాడు ఉదయం ఫస్టు బస్సు పోయింది, మధ్యాహ్నం బస్సూ పోయింది. సాయంత్రం చెప్పాను.

పెదనాన్న కొట్టలేదు. చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి తీసుకువెళ్ళి, మంచం ముందు నిలబెట్టి, ఆయనతో కూడా చెప్పమన్నాడు. చెప్పాను. ఆయన చాలాసేపు నావైపు చూశాడు.

"ఎన్ని చూశావు చినబాబూ?"

"పన్నెండు."

"అయితే నాది పదమూడోదన్నమాట" అన్నాడు.

నవ్వుతూ అన్నాడో, నిష్ఠూరంగా అన్నాడో నాకప్పుడు తెలియలేదు. అడిగే ధైర్యం ఆ తరువాత కూడా రాలేదు. పెదనాన్న ఆ వారంలోనే రైఫిలూ మిగిలిన తూటాలూ పోలీసు స్టేషనులో అప్పగించాడు. కాపలా మనిషి బ్రతికినంతకాలం ఏటా మొదటి కోత గంప ఆయన ఇంటికి వెళ్ళేది. బండి తోలింది చాలా ఏళ్ళు నేనే.

ఇక ఉత్తరం రాసినావిడకు అసలు జవాబు. మీ మామగారు గాని, ఆయన దగ్గర పనిచేసినవారు గాని ఆ గొట్టాలను మళ్ళీ నింపడానికి సిద్ధం చేసి పెట్టుకున్నారు. ఎందుకు నింపలేదో పెట్టెలోని కాగితాల తేదీలు చూస్తే తెలియవచ్చు. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చాక వేట తుపాకులు చాలా ఇళ్ళలో అటకెక్కాయి. ఇప్పుడు మీరు వాటిని నింపించే మాట పెట్టుకోకండి. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తూటా తయారుచేయడానికి లైసెన్సు ఉండాలి. ఆ పెట్టె అడుగున నిండు తూటాగాని, మందు డబ్బాగాని, కేపుల పెట్టెగాని ఉంటే మీరు ముట్టుకోవద్దు, పిల్లల్ని దగ్గరికి రానివ్వద్దు. పాత లైసెన్సు కాగితం దొరికితే తీసుకుని స్టేషనులో చెప్పండి, వాళ్ళే వచ్చి తీసుకుపోతారు. ఖాళీ గొట్టాల సంగతి కూడా అక్కడే అడగండి. చిలక్కొయ్యకు తగిలించే అలంకారమని ఇంట్లో ఉంచుకోకండి.

అప్పగించేముందు వెలుతురులో పెట్టి అడుగుకు కాస్త పైన చూడండి. కొన్నిటికైనా సన్నగా మెరిసే గీత చుట్టూ కనబడుతుందనుకుంటాను. నా అరచేతిలో పెట్టిన రెండు ముక్కలూ మేస్త్రిగారు తిరిగి తీసుకోలేదు. అవి నా సొరుగులోనే ఉన్నాయి. తెగినచోట అంచు ఇప్పటికీ వేలికి గుచ్చుకుంటుంది. మూతి మాత్రం నేను ఆ రోజు రాసినంత నున్నగా ఉంది.